బ్రిటన్‌లో లా చదివితే లాయర్ అయిపోరు

మా మేనకోడలు ఇంగ్లండ్‌లో ఎల్ఎల్‌బీ మొదటి ఏడాదిలో ఉండగా ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. కాంట్రాక్ట్ లాలో తను రాసిన జవాబుకు 58 మార్కులు వచ్చాయట. హైదరాబాద్‌లో ఇంటర్‌ దాకా ఎప్పుడూ తొంభై ఐదు తగ్గని పిల్ల. ఆ జవాబు, దాని కింద లెక్చరర్ రాసిన మాట పంపమన్నాను. "నీకు తెలిసినదంతా రాశావు. నిన్ను అడిగినామెకు మాత్రం సలహా ఇవ్వలేదు" అని ఉంది.

ప్రశ్న చిన్నదే. ఒకాయన తప్పిపోయిన కుక్కను తెచ్చిస్తే 500 పౌండ్లు ఇస్తానని ప్రకటన వేశాడు. ఆ ప్రకటన చూడని ఒకామె కుక్కను తెచ్చి అప్పగించింది. మర్నాడు ప్రకటన చూసి డబ్బు అడిగింది. ఆమెకు సలహా ఇవ్వండి.

మన లా కాలేజీలో చదివినవాళ్లకు ఇక్కడ వెంటనే లాల్‌మన్ శుక్లా కేసు గుర్తొస్తుంది. 1913లో అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు అది. యజమాని పంపితే తప్పిపోయిన పిల్లాడిని వెతికి తెచ్చిన గుమాస్తా, తర్వాత బహుమానం సంగతి తెలుసుకుని దావా వేసి ఓడిపోయాడు. తెలియని ప్రతిపాదనను ఒప్పుకోవడం కుదరదని సూత్రం. ఒక్క లైను, కంఠతా వచ్చేస్తుంది. మా మేనకోడలు కూడా ఇంగ్లిష్ పుస్తకంలో ఉన్న అలాంటి లైనే రాసి, కేసుల పేర్లు వరుసగా పేర్చి వచ్చింది.

కానీ ఇంగ్లండ్‌లో 1891 నాటి గిబ్బన్స్ వర్సెస్ ప్రాక్టర్ కేసు ఉంది. అక్కడ సమాచారం ఇచ్చిన పోలీసుకు బహుమానం దక్కింది. అతనికి ప్రకటన సంగతి ఏ క్షణంలో తెలిసిందన్న దగ్గర అప్పటి రిపోర్టులే ఒకదానితో ఒకటి కలవవు. అంటే ఆ కుక్క తెచ్చినామె కోసం వాదించడానికి ఒక సందు ఉంది. ఆ సందు ఎంత బలమైందో, అవతలి లాయర్ దాన్ని ఎలా మూసేస్తాడో, చివరికి ఆమె కోర్టుకు వెళ్లడం మంచిదా కాదా అన్నది రాయాలి. సరైన జవాబు ఇదీ అని ఒకటి ఉండదు. జవాబు దాకా ఎలా నడిచావో చూసి మార్కులు వేస్తారు.

నా దృష్టిలో బ్రిటన్ లా డిగ్రీలో నిజంగా విలువైనది ఇదే. వారానికి క్లాసులు సాధారణంగా పది పన్నెండు గంటలే. మిగతాదంతా లైబ్రరీలో తీర్పులు చదవడమే. ట్యుటోరియల్ అనే చిన్న చర్చా క్లాసులో కొద్దిమందే ఉంటారు కాబట్టి చదవకుండా వెళ్తే దాక్కోవడానికి చోటుండదు. ఇక మార్కుల గురించి ఇక్కడి తల్లిదండ్రులు టెన్షన్ పడకూడదు. అక్కడ పాస్ మార్కు 40. 70 దాటితే ఫస్ట్ క్లాస్, 60 నుంచి 69 అప్పర్ సెకండ్. పెద్ద లా ఫర్మ్‌లు సాధారణంగా అడిగేది ఆ అప్పర్ సెకండే. చాలాచోట్ల మొదటి ఏడాది మార్కులు డిగ్రీ క్లాసులో కలవవు, పాసైతే చాలు.

నాకు బాధ కలిగించేది వేరే విషయం. ఈ డిగ్రీని మన ఊళ్లలో ఎంబీబీఎస్ లాగా అమ్ముతున్నారు, చదువు పూర్తయితే చేతిలో వృత్తి ఉంటుందన్నట్టు. ఇది పాత జ్ఞాపకం. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడర్‌గా ఉన్న టంగుటూరి ప్రకాశం లండన్ వెళ్లి, 1907లో బారిస్టర్‌గా తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో నిలబడ్డారు. బారిష్టర్ చదువు అంటే మన ఇళ్లలో ఇప్పటికీ అదే బొమ్మ కదులుతుంది.

ఇప్పటి దారి అది కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్ (క్లయింట్లకు సలహా ఇచ్చి, పత్రాలు, కేసు పనులు చూసే లాయర్) కావడానికి 2021లో ఎస్‌క్యూఈ అనే పరీక్ష తెచ్చారు. దానికి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, లా డిగ్రీయే అక్కర్లేదు. హిస్టరీ చదివినవాళ్లూ రాస్తున్నారు. మొదటి దశలో 180 ప్రశ్నల పేపర్లు రెండు, తర్వాత క్లయింటుతో మాట్లాడటం, డ్రాఫ్టింగ్ లాంటి వాటితో రెండో దశ. పరీక్ష ఫీజే దాదాపు 5 వేల పౌండ్లు. దాంతోపాటు రెండేళ్ల పని అనుభవం చూపించాలి. ఆ అనుభవం ఇచ్చే ట్రెయినింగ్ కాంట్రాక్ట్ కోసం పెద్ద ఫర్మ్‌లు రెండేళ్ల ముందుగానే మనుషుల్ని ఎంచుకుంటాయి. కాబట్టి డిగ్రీ రెండో ఏడాదిలోనే దరఖాస్తులు మొదలుపెట్టాలి. ప్రధానంగా కోర్టులో వాదించే బారిస్టర్ కావాలంటే ఇన్స్ ఆఫ్ కోర్ట్ అనే నాలుగు బారిస్టర్ల సంఘాల్లో ఒకదానిలో చేరి, బార్ కోర్సు చేసి, ఏడాది ప్యూపిలేజ్ (అనుభవమున్న బారిస్టర్ దగ్గర శిక్షణ) సంపాదించాలి. ఆ ప్యూపిలేజ్ సీట్లకు పోటీ ఎంత గట్టిదంటే, అక్కడే పుట్టి పెరిగిన మెరిట్ పిల్లలే ఏళ్ల తరబడి తిరుగుతారు. స్కాట్లండ్ లెక్క వేరు. అక్కడ చట్టమే వేరు, ఆనర్స్ డిగ్రీ నాలుగేళ్లు.

తిరిగొస్తే? ఇంటర్ కాగానే వెళ్లి చేసిన మూడేళ్ల ఎల్ఎల్‌బీ మన బార్ కౌన్సిల్‌కు నేరుగా సరిపోదు. బ్రిడ్జి కోర్సు అంటారు, విదేశీ డిగ్రీవాళ్లకు పెట్టే అర్హత పరీక్ష అంటారు, తర్వాత అందరితోపాటు ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. ఇక్కడ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరిన స్నేహితురాలు ఆ సరికి హైకోర్టులో వాయిదాలకు వెళ్తూ ఉంటుంది. పేరున్న యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి 25 వేల నుంచి 30 వేల పౌండ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఉండే ఖర్చు కలిపితే మూడేళ్లకు కోటి రూపాయలు దాటుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపేవాళ్లకు ఈ సంగతులన్నీ కన్సల్టెన్సీ గదిలోనే చెప్పాలి. చెప్పకపోవడం అన్యాయం.

తెలంగాణలోనో ఆంధ్రలోనో ప్రాక్టీస్ చేయాలనుకునే పిల్లలు క్లాట్, లాసెట్ లాంటి లా ఎంట్రన్సులు రాసి ఇక్కడే డిగ్రీ చేసి, కావాలంటే తర్వాత ఎల్ఎల్ఎంకు వెళ్లడం మంచిదని నా గట్టి అభిప్రాయం. అక్కడే స్థిరపడాలనుకున్నా, చట్టాన్ని ఒక చదువుగా ప్రేమించి వెళ్తున్నా లెక్క మారుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఎల్ఎస్ఈ, యూసీఎల్ లాంటివి అడిగే ఎల్‌నాట్ అనే లా ప్రవేశ పరీక్షలో చట్టం మీద ఒక్క ప్రశ్న కూడా ఉండదు. గంటా ముప్పై ఐదు నిమిషాల్లో 42 ప్రశ్నలు, 40 నిమిషాల్లో ఒక వ్యాసం. చదివింది ఎంత అర్థమైందో, దాని మీద ఎలా వాదిస్తావో చూస్తారు.

ఫీజు కట్టేముందు ఇంట్లో ఒక పని చేసి చూడవచ్చు. డోనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ తీర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1928లో స్కాట్లండ్‌లోని పెయిస్లీలో ఒకామె తాగిన జింజర్ బీర్ సీసాలోంచి కుళ్లిన నత్త బయటపడిందని, దాన్ని తయారుచేసినవాడి మీద వేసిన కేసు. సీసా కొన్నది స్నేహితురాలు కాబట్టి ఆమెకు ఎవరితోనూ కాంట్రాక్ట్ లేదు. 1932లో ఐదుగురు లా లార్డ్స్‌లో (అప్పటి అత్యున్నత కోర్టు జడ్జీల్లో) ముగ్గురు ఆమె వైపు నిలిచారు. ఆ తీర్పు ప్రింట్ తీసి పిల్లల చేతికి ఇవ్వండి, రెండు రోజులు అడగకండి. ఆ తర్వాత, కాదన్న ఆ ఇద్దరు జడ్జీలు ఏమన్నారో వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలుపెడితే, అప్పుడు బ్యాంకు లోన్ సంగతి మాట్లాడుకోవచ్చు.