మొదటి రెండేళ్లు ఎవరు వెంట ఉంటారు?

నార్వే నైరుతి తీరంలో రోగాలాండ్ అనే ప్రాంతం ఉంది. సైకోసిస్ (లేని మాటలు వినిపించడం, లేనిపోని గట్టి నమ్మకాలు కలగడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు) మొదలైన యువతీయువకులు ఆసుపత్రి దాకా రావడానికి ఒకప్పుడు అక్కడ కూడా నెలలు పట్టేది. 1997 నుంచి అక్కడి వైద్యులు పట్టుబట్టి ఒక పని చేశారు. పేపర్లలో, రేడియోలో, సినిమా హాళ్లలో ప్రకటనలు ఇచ్చారు. జబ్బు ఎలా మొదలవుతుందో బడుల్లో టీచర్లకూ, మామూలు డాక్టర్లకూ చెప్పారు. ఒక ఫోన్ నంబర్ పెట్టారు. తల్లి, టీచర్, స్నేహితుడు, ఎవరైనా చేయొచ్చు. రెఫరల్ చీటీ అక్కర్లేదు. ఒక్క రోజులో వైద్య బృందం వచ్చి చూసేది. టిప్స్ పేరుతో జరిగిన ఈ అధ్యయనంలో సగం మంది 5 వారాల్లోపే వైద్యానికి వచ్చారు. ప్రచారం లేని ఓస్లో ప్రాంతంలో, డెన్మార్క్‌లోని రోస్కిల్డేలో అదే లెక్క 16 వారాలు.

తర్వాత ప్రకటనలు ఆపేశారు. ఫోన్ నంబర్ ఉంది, బృందమూ ఉంది, ప్రచారం మాత్రం లేదు. ఆలస్యం మళ్లీ 15 వారాలకు పెరిగింది.

మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువతకు ఏ వైద్యం పనిచేస్తుందన్న దానిపై ముప్పై ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నాయి. వాటిని వరుసగా చదువుతుంటే రోగాలాండ్‌లో జరిగిందే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పట్టించుకున్నన్నాళ్లూ ఫలితం వస్తోంది, వదిలేయగానే చాలావరకు కరిగిపోతోంది. మన ప్రభుత్వాలు, మన ఆసుపత్రులు అన్నిటికంటే ముందు చూడాల్సింది దీన్నే అని నా అభిప్రాయం.

ఈ జబ్బు ఎక్కువగా పదహారు, పదిహేడేళ్ల నుంచి ముప్పైలోపు వయసులో బయటపడుతుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లో ఎవరో గమనిస్తున్నారని గట్టి నమ్మకం కుదురుతుంది. అంతకుముందే రాత్రి నిద్ర పట్టదు, మార్కులు పడిపోతాయి, పిల్లవాడు గది తలుపు వేసుకుంటాడు. చదువు టెన్షన్ అనుకుంటారు ఇంట్లో. ఆ తర్వాత దిష్టి, గాలి, తాయెత్తు. ఆపైన ఊళ్లో ఆర్ఎంపీ, పట్నంలో నరాల డాక్టర్, తలకు స్కానింగ్. సైకియాట్రిస్ట్ దగ్గరికి చేరేసరికి ఒక విద్యా సంవత్సరం పోయి ఉంటుంది.

దీనికి తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. అమెరికాలో 21 రాష్ట్రాల్లోని 34 కేంద్రాల్లో 404 మందితో, మామూలు వైద్యాన్నీ బృంద వైద్యాన్నీ పోల్చుతూ రైజ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2015లో ఫలితాలు వచ్చాయి. వాళ్లలో సగం మంది 74 వారాలు, అంటే దాదాపు ఏడాదిన్నర, సరైన వైద్యం లేకుండానే గడిపారు. అక్కడ తాయెత్తులు లేవు, ఆలస్యం మాత్రం ఉంది. ఆ 74 వారాల లోపు వచ్చినవాళ్లకు బృంద వైద్యం వల్ల కలిగిన మేలు, ఆలస్యంగా వచ్చినవాళ్ల కంటే చాలా ఎక్కువ. ఒకే వైద్యం, వచ్చిన సమయంలోనే తేడా.

బృంద వైద్యం అంటే ఏమిటో డెన్మార్క్‌లో 1998లో మొదలైన ఓపస్ ట్రయల్ చూస్తే తెలుస్తుంది. కోపెన్‌హాగన్, ఆర్హుస్ నగరాల్లో 547 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. రెండో గుంపులో సుమారు పది మంది రోగులకు ఒక కార్యకర్త. ఆయన ఇంటికి వెళ్తాడు, కుటుంబాలను కలిపి కూర్చోబెడతాడు, నలుగురిలో మెలగడం మళ్లీ నేర్పిస్తాడు. అపాయింట్‌మెంట్‌కు రాకపోతే వెతుక్కుంటూ వెళ్తాడు. రెండేళ్లకు ఈ గుంపులో లక్షణాలు తగ్గాయి, మత్తు వాడకం తగ్గింది, ఇంట్లోవాళ్ల మీద భారమూ తగ్గింది. రెండేళ్లు కాగానే అందరినీ మామూలు వైద్యానికి పంపేశారు. ఐదో ఏడు వచ్చేసరికి లక్షణాల్లో రెండు గుంపులకూ తేడా దాదాపు మిగల్లేదు.

'చూశారా, ఎంత ఖర్చుపెట్టినా అంతే' అని దీన్ని చూపించి వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరుగుతుంది. అంతమాత్రాన మాత్ర పనిచేయదని ఎవరూ అనరు. అయితే సేవను ఐదేళ్లకు పొడిగిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక్కటిగా లేదు. డెన్మార్క్‌లోనే పొడిగించి చూస్తే పెద్ద లాభం కనిపించలేదు. కెనడాలోని మాంట్రియల్‌లో పొడిగిస్తే జబ్బు అదుపులో ఉన్న కాలం పెరిగింది. డెన్మార్క్‌లో రెండేళ్ల తర్వాత దొరికే మామూలు వైద్యమే మెరుగ్గా ఉండటం ఈ తేడాకు ఒక కారణమని నాకు అనిపిస్తుంది. అలాంటి మామూలు వైద్యం లేనిచోట ఆ ఫలితాన్ని చూపించి రెండేళ్లు చాలు అనడం కుదరదు.

ఇక ప్రతి ఇంట్లోనూ అడిగే ప్రశ్న: "ఎన్నాళ్లు వాడాలి డాక్టర్ గారూ?" దీనికి హాంకాంగ్ ఒక జవాబిచ్చింది, నెదర్లాండ్స్ ఇంకో జవాబిచ్చింది. హాంకాంగ్‌లో కనీసం ఏడాది మందులు వాడి కోలుకున్న 178 మందిని తీసుకున్నారు. సగం మందికి మందు కొనసాగించి, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టింది మందు వాడినవాళ్లలో 41 శాతం మందికి, ఉత్తి మాత్ర వాడినవాళ్లలో 79 శాతం మందికి. పదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే పరిస్థితి బాగోలేనివాళ్లు మొదటి గుంపులో 21 శాతం, రెండో గుంపులో 39 శాతం. నెదర్లాండ్స్‌లో కోలుకున్నవాళ్లలో ఒక గుంపుకు మందు మెల్లగా తగ్గిస్తూ వీలైతే ఆపారు. ఏడాదిన్నరలో ఈ గుంపులో జబ్బు రెట్టింపు మందికి తిరగబెట్టింది. అయినా ఏడేళ్లు గడిచాక, దొరికిన 103 మందిని చూస్తే, తగ్గించిన గుంపులో 40 శాతం మంది, కొనసాగించిన గుంపులో 18 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు.

ఈ రెండో లెక్కను పట్టుకుని ఇంట్లో మందు ఆపేస్తే ప్రమాదం. నెదర్లాండ్స్‌లో కొద్దికొద్దిగా తగ్గించారు, పక్కన డాక్టర్ కనిపెట్టుకుని ఉన్నాడు, లక్షణం తిరిగి కనిపించగానే మోతాదు పెంచారు. ఆ గుంపులో చాలామంది పూర్తిగా మానలేదు, తక్కువ మోతాదుకు వచ్చారంతే. పైగా అది చిన్న అధ్యయనం. మన ఇళ్లలో మానేయడం అలా జరగదు. మాత్ర నాలుక కింద పెట్టుకుని బాత్రూమ్‌లో ఉమ్మేస్తాడు కుర్రాడు. అమ్మకు అనుమానం వచ్చి పొడి చేసి పప్పులో కలుపుతుంది. ఒకరోజు అది కనిపెడతాడు. అప్పటికే తిండిలో ఏదో కలుపుతున్నారన్న భయం ఉన్న పిల్లవాడికి అది నిజమని రుజువైనట్టే. ఇక ఇంట్లో అన్నం ముట్టడు.

ఎందుకు ఉమ్మేస్తున్నాడో అడిగితే చెబుతాడు. "పొద్దున లేవలేకపోతున్నానమ్మా, ప్యాంట్లు పట్టడం లేదు, ఫ్రెండ్స్ ఏమైందిరా అంటున్నారు." కొన్ని మందులతో, ముఖ్యంగా ఒలాంజపిన్‌తో, మొదటి వారాల్లోనే బరువు పెరుగుతుంది. సిడ్నీలో ఒక కేంద్రం మొదటి రోజు నుంచే నర్సు, ఆహార నిపుణుడు, వ్యాయామ నిపుణుడిని వెంట పెట్టింది. 12 వారాల్లో అక్కడివాళ్లు సగటున 1.8 కిలోలు పెరిగారు. ఆ సేవ లేని ఇంకో కేంద్రంలో 7.8 కిలోలు. అది కొద్దిమందితో జరిగిన అధ్యయనమే, లాటరీ పద్ధతిలోనూ చేయలేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ ఆరు కిలోల తేడాయే మందు వాడటానికీ మానేయడానికీ తేడా కావచ్చు. బరువు గురించి అడిగిన పిల్లవాడికి 'ముందు జబ్బు తగ్గనీ' అని జవాబు చెప్పి పంపితే తర్వాతి నెల అతను రాకపోవచ్చు.

మనకు దగ్గరి అధ్యయనం చెన్నైలో జరిగింది. మానసిక రోగుల కోసం డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి రెండు నగరాల్లోనూ ఒకే తరహా సేవలిచ్చి రెండేళ్లు గమనించారు. భ్రమలు, వినిపించే మాటలు తగ్గడంలో పెద్ద తేడా లేదు. ముభావంగా ఉండిపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం లాంటి లక్షణాల్లో చెన్నై వాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. ఈ లక్షణాలకు మందులు అంతగా పనిచేయవు. చెన్నైలో కుటుంబాలు వైద్య బృందాన్ని చాలా ఎక్కువగా కలిశాయి. కుటుంబం వెంట ఉండటానికీ ఈ ఫలితానికీ సంబంధం ఉందని పరిశోధకులు చూపించారు.

ఇది సంతోషించాల్సిన విషయం. కానీ కుటుంబం చూసుకుంటుందిలే అని ప్రభుత్వం తప్పుకోవడానికి ఇది సాకు కాకూడదు. చూసుకోవడం అంటే చాలా ఇళ్లలో అమ్మ ఉద్యోగమో కూలిపనో మానేయడం. ఆడపిల్ల విషయంలో పెళ్లి చేస్తే కుదురుకుంటుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జబ్బు దాచి పెళ్లి చేస్తారు, అత్తారింట్లో మందులు దాచాల్సి వచ్చి మానేస్తుంది, కొన్నాళ్లకు పుట్టింటికి పంపేస్తారు. స్కిజోఫ్రెనియా (సైకోసిస్ దీర్ఘకాలం ఉండే జబ్బు) వల్ల కాపురం పోయి, ముసలి తల్లిదండ్రుల దగ్గర ఉంటున్న ఆడవాళ్ల గురించి చెన్నై పరిశోధకులే రెండు దశాబ్దాల కిందట రాశారు.

ఇంగ్లండ్‌లో 2016 నుంచి ఒక లెక్క పెట్టుకున్నారు: మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లలో కనీసం సగం మందికి రెండు వారాల్లో వైద్యం మొదలవ్వాలి. తర్వాత దాన్ని 60 శాతానికి పెంచారు. అమెరికాలో రాష్ట్రాలకిచ్చే మానసిక ఆరోగ్య గ్రాంట్‌లో పదో వంతు ఇలాంటి సేవలకే కేటాయించారు. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్రమైన మానసిక జబ్బులున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి వైద్యం అందడం లేదు. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన పిల్లలు ఎన్ని వారాలు ఆలస్యంగా వస్తున్నారో ఆ సర్వే చెప్పలేదు.

2022లో వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు తెలుగులో ఫోన్ చేయొచ్చు. రోగాలాండ్ అనుభవం ప్రకారం నంబర్ ఉంటే సరిపోదు, దాన్ని ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉండాలి. గంజాయి మీద కాలేజీల్లో ఎలాగూ సభలు పెడుతున్నారు. ఘాటైన గంజాయి రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ ముప్పు సుమారు ఐదు రెట్లని 2019లో యూరప్ అధ్యయనం చూపింది. ఆ సభల్లోనే పావుగంట దీనికి ఇవ్వొచ్చు. పిల్లలను భయపెట్టడం మాని, నీ రూమ్మేట్ ఇలా మారితే ఈ నంబర్‌కు చెయ్యి అని చెప్పాలి.

ఎర్రగడ్డలో, విశాఖ మానసిక ఆసుపత్రిలో, బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో రేపటి నుంచే ఒక పని మొదలుపెట్టొచ్చు. ముప్పైలోపు వయసున్న కొత్త రోగి ఓపీ చీటీ మీద రెండు తేదీలు రాయాలి: లక్షణాలు మొదలైన నెల, వైద్యం మొదలైన రోజు. ఆ రెండింటి మధ్య వారాలను ఏటా జిల్లాలవారీగా ప్రకటించాలి. చీటీ వెనక ఒక నర్సు లేదా సోషల్ వర్కర్ పేరు, ఫోన్ నంబర్ ఉండాలి. రావాల్సిన రోజున రోగి రాకపోతే మర్నాడు ఫోన్ చేసే బాధ్యత ఆ మనిషిది. రెండేళ్ల పాటు ఆ పేరు మారకూడదు, అందుకు తగ్గ పోస్టులు బడ్జెట్‌లో ఉండాలి.