కొండకు పేరు పడాలంటే కావలసిన అర్హతలు

కొండకు తమ పేరు పెట్టించుకోవాలని ఉబలాటపడే పెద్దలందరూ కెనడాలోని మౌంట్ వాడింగ్టన్ ఫైలు ఒకసారి తిరగేయాలని మనవి. బ్రిటిష్ కొలంబియా కోస్ట్ పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం అది, 4,019 మీటర్లు. అంతటి కొండ దక్కాలంటే ఏం చేయాలో అందులో స్పష్టంగా ఉంది.

ముఖ్యంగా కొండ జోలికి పోకూడదు. ఆల్ఫ్రెడ్ వాడింగ్టన్ వ్యాపారి. బ్యూట్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ నుంచి హొమాత్కో నది లోయ వెంబడి కారిబూ బంగారు గనుల వైపు రోడ్డు వేసి టోల్ వసూలు చేసుకుందామని 1862లో పని మొదలుపెట్టించాడు. అది పూర్తి కాలేదు. పూర్తయి ఉంటే రోడ్డుకే ఆయన పేరు పెట్టి ఊరుకునేవారు. కాలేదు గనక కొండే ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఎందుకు ఆగిందంటారా? అది అక్కడి మూలవాసులైన చిల్కోటిన్ జనం నేల. వాళ్లను ఎవరూ అడగలేదు; ఇలాంటి పనుల్లో అడిగే ఆనవాయితీ ఎక్కడా లేదు. మశూచి తెప్పిస్తామన్న బెదిరింపులూ వెళ్లాయని చెబుతారు. 1864లో వాళ్లు రోడ్డు పనివాళ్ల మీద పడి చంపేశారు. మాట్లాడుకుందాం రమ్మని కబురంపిన ప్రభుత్వం, వచ్చినవాళ్లను పట్టుకుని ఐదుగురిని ఉరితీసింది. మరుసటి ఏడాది ఇంకొకరిని. ఆ ఆరుగురూ ఏ నేరమూ చేయలేదని 2018లో ప్రధాని ట్రూడో పార్లమెంటులో ప్రకటించారు. 154 ఏళ్లు. సర్కారు వారికి తొందరపాటు గిట్టదు మరి.

వాడింగ్టన్ మాత్రం నీరుగారిపోలేదు. రోడ్డు పోతే రైలుందిగా అని ఒట్టావా చేరి పైరవీలు చేస్తూ, 1872లో అదే మశూచితో పోయాడు. రైలూ ఆయన చెప్పిన దారిన రాలేదు. దానితో అర్హతలన్నీ పూర్తయ్యాయి.

ఇక అనర్హుల సంగతి. 1925లో వాంకూవర్ దీవిలోని మౌంట్ ఆరోస్మిత్ మీది నుంచి ఈ శిఖరాన్ని దూరాన చూసిన డాన్, ఫిలిస్ మండే దంపతులు దీన్ని ‘మిస్టరీ మౌంటెన్’ అని పిలుచుకున్నారు. ఏళ్ల తరబడి మూటలు మోసుకుంటూ, అడవి నరుక్కుంటూ, మంచునదులు దాటుకుంటూ దాని చుట్టూ తిరిగారు. 1928లో దాని రెండో కొస దాకా ఎక్కారు కూడా. ఇంత చేశాక ఇక పేరెలా వస్తుంది? పక్కనున్న 3,356 మీటర్ల కొండను వాళ్లకు సర్దిపెట్టారు. 663 మీటర్ల కోత, కష్టపడినందుకు జరిమానా కింద.

అసలు కొస మీద మొదట కాలు పెట్టింది 1936లో ఫ్రిట్జ్ వీస్నర్, బిల్ హౌస్. పైదాకా వెళ్లొచ్చారు గనక వాళ్ల దరఖాస్తు పరిశీలనకే రాదు.