సీలు పాపకు పాలపీక

రోబోలకు మమకారం పుట్టిందట. నమ్మనివాళ్లు జపాన్ వృద్ధాశ్రమాల్లో పారో అనే బొమ్మ రోబోను చూసి చెంపలేసుకోవచ్చు. ఇంజినీరు షిబాటా టకనోరి 1993లో మొదలెట్టిన తెల్ల సీలు (మంచు సముద్రాల్లో బతికే జంతువు) పిల్ల అది. బరువు 2.7 కిలోలు, అచ్చం పసికందంత. నిమిరితే కళ్లార్పుతుంది, పిలిస్తే మెడ తిప్పుతుంది. కూతలు కెనడా సీళ్ల దగ్గర రికార్డు చేసి తెచ్చారు.

సీలే ఎందుకంటారా? ముందు పిల్లిని చేశారు. పిల్లి గురించి అందరికీ తెలుసు కాబట్టి జనం వంకలు పెట్టారు. సీలును పెంచినవాడెవడు గనక వంక పెట్టడానికి!

అసలు రసఘట్టం ఛార్జింగ్. తీగ చివర పాలపీక ఉంటుంది, దాన్ని సీలు నోట్లో పెట్టాలి. మతిమరుపున్న అవ్వకు అది గుర్తుండదు, ఆయా పెట్టాలి. అవ్వ నోట్లో గంజి, సీలు నోట్లో పీక. అవ్వకు మూతి తుడవాలి, సీలుకు చేతులు మారినప్పుడల్లా బొచ్చు తుడవాలి, లేదంటే ఒకరి జలుబు అందరికీ. నీళ్లలో ముంచకూడదు. సీలును! అవ్వను చూడ్డానికి సీలు, సీలును చూడ్డానికి ఆయా.

ఆస్ట్రేలియాలో 415 మంది మతిమరుపు వృద్ధులపై పరీక్షించి 2017లో ఫలితం చెప్పారు. పారో ఉంటే వాళ్లు కాస్త ఎక్కువ మాట్లాడారు, నిజమే. ఆందోళన తగ్గించడంలో మాత్రం స్విచ్ ఆపేసిన పారో కన్నా అది పొడిచిందేమీ లేదు.

ఇక మనుషుల్ని మోసే రోబోల శాఖ. జపాన్ పరిశోధన సంస్థ రికెన్ 2015లో ఎలుగుబంటి మొహంతో రోబేర్‌ను చూపించింది. దానికి ముందొచ్చిన అన్న 230 కిలోలు, ఇది 140. ఎంత నాజూకో! బజారుకు మాత్రం రాలేదు. వచ్చినవాటిలో మనిషిని లేపి నిలబెట్టే లిఫ్టు యంత్రాల సంగతి చూడండి. మూలనుంచి తోసుకురావాలి, బ్రేకు వెయ్యాలి, పాదాలు పలక మీద సర్దాలి, చంకల కింద మెత్తలు చూసుకోవాలి. ఈలోపు పక్క తడుస్తుంది. అందుకే ఆయా తన నడుమునే వాడేస్తుంది.

ఆ నడుము విరిగేదాకా పట్టించుకునే దిక్కులేదు. జపాన్‌లో ఆయాల జీతం అన్ని రంగాల సగటు కన్నా తక్కువ. యంత్రం కొంటే సర్కారు సబ్సిడీ ఇస్తుంది, రాత్రి రెండింటికి డైపరు మార్చే చేతికి నాలుగు యెన్‌లు పెంచమంటే మాత్రం నసుగుతుంది! కళ్లార్పే బొమ్మలో కరుణ కనిపించిన పెద్దమనుషులకు, ఒళ్లు హూనం చేసుకుంటున్న మనిషి కనిపించదా? సిగ్గుండాలి.

సరే, తెల్లారింది. ఆయా డ్యూటీ దిగబోతోంది. పీక పెట్టడం మరిచినట్టుంది, సీలుకు ఛార్జింగ్ అయిపోయింది.