బావగారి సముద్రజీవి

మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరొంచలో ఉండేవాళ్ళకి రాళ్ళ పిచ్చి పట్టిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వడధం వైపు వెళ్తే చెట్ల మానులే రాళ్ళయి పడున్నాయి. ప్రాణహిత అవతల, ఆదిలాబాద్ వైపు దొరికిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఇంత సంపద చుట్టూ పెట్టుకుని మా బావ కన్ను మాత్రం అమ్మోనైట్ మీద పడింది. ఎందుకు బావా అంటే, "బల్లిని ఇంట్లో పెట్టుకోలేం కదా బామ్మర్దీ" అన్నాడు. న్యాయమే.

అమ్మోనైట్ అంటే చుట్ట తిరిగిన గుల్లలో బతికిన సముద్రజీవి. ఆక్టోపస్‌కి, స్క్విడ్‌కి దూరపు చుట్టం. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట రాక్షసబల్లులు పోయిన కాలంలోనే ఇదీ పోయింది. గుల్ల లోపల వరసగా గదులు. చివరి గదిలో కాపురం, మిగతావాటిలో గాలి, నీళ్ళలో తేలడానికి. అన్ని గదులుండి ఒక్కటీ అద్దెకివ్వలేదా అని మా అక్క బాధపడింది.

గుర్తుపట్టే పద్ధతులన్నీ బావ ఫోన్లో చూసి నోటుబుక్కులో రాసుకున్నాడు. చుట్టలన్నీ ఒకే మట్టంలో ఉండాలి, నత్తగుల్లకి లేచినట్టు పక్కకి మొన లేవకూడదు. పైన వరసగా గట్లుండాలి. లోపలి గది గోడలు గుల్లకి అతుక్కున్నచోట మెలికల గీతలు కనపడాలి.

ఒక ఆదివారం వంతెన దగ్గర గోదావరి గట్టున అరచేయంత బూడిదరంగు రాయి దొరికింది. మధ్య నుంచి బయటికి చుట్లే చుట్లు, వాటిమీద కొలిచి గీసినట్టు ఏటవాలు గట్లు. బావ దాన్ని సబ్బుతో కడిగి, పళ్ళ బ్రష్‌తో రుద్ది (బ్రష్ అక్కది, ఆ గొడవ వేరు), భూతద్దం పెట్టి చూశాడు. ఒక పగులు కనిపిస్తే అదే మెలిక అన్నాడు. నిమ్మకాయ పిండాడు. సున్నపురాయైతే బుడగలు రావాలి. వచ్చాయి! ఆ రోజు ఇంట్లో పులిహోరకి నిమ్మకాయ లేదు.

నాకు ఒకటే అనుమానం. మన పక్కనున్న కోటా ఊరి పేరుతో పిలిచే ఇక్కడి రాళ్ళ పొరలు మంచినీళ్ళ చెరువుల్లో పేరుకున్నవి, వాటిలో దొరికే చేపలూ మంచినీళ్ళ చేపలే. అమ్మోనైట్ కావాలంటే గుజరాత్‌లో కచ్ వెళ్ళాలి, లేదా తమిళనాడులో అరియలూరు వెళ్ళాలి. ఆ మాటే అంటే, "అప్పుడు గోదావరి ఉప్పగా ఉండేదేమో, నువ్వు తాగి చూశావా?" అన్నాడు.

ఈలోపు అత్తమ్మ, అంటే బావ వాళ్ళమ్మ, రాయి చూసి చేతులు జోడించింది. "సాలగ్రామం రా!" అంది. బావ ఊరుకోవచ్చు కదా. నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో కనిపించే చక్రం చాలావరకు అమ్మోనైట్ అచ్చేనని చదువంతా ఒలకబోశాడు. "నేను చెప్పేదీ అదే కదరా" అని ఆవిడ రాయి తీసుకుని దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. గంధం, బొట్టు, తులసిదళం. సాయంత్రానికి పక్కింటివాళ్ళు కొబ్బరికాయతో వచ్చారు. కొలతలు తీసుకోవాలన్నా బావ స్నానం చేసి రావాల్సిన పరిస్థితి.

బాత్రూం గోడ బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ చేతులు కడుక్కుని దణ్ణం పెట్టుకోబోయి ఆగిపోయాడు. వంగి చూశాడు.

"గిది మా తాడు అచ్చు కాదు సార్? గట్టు పనికాడ మాల్ మిగిలితే పక్కకు పోసినం. కింద కొబ్బరితాడు చుట్ట ఉండె."

ఏటవాలు గట్లు తాడు పురి. బుడగలు సిమెంటువి, గట్టిపడ్డ సిమెంటులోని సున్నం గాలి తగిలి మళ్ళీ సున్నపురాయి సరుకే అవుతుంది కాబట్టి నిమ్మరసానికి అదీ పొంగింది. అన్నిటికంటే పెద్ద గుర్తు కళ్ళముందే ఉంది. జీవి పెరిగేకొద్దీ అమ్మోనైట్ గొట్టం బయటి చుట్టకి వచ్చేసరికి లావెక్కుతుంది. ఇదేమో మధ్య నుంచి చివరిదాకా ఒకటే లావు. ఈ ముక్క బావ నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది, కింద రెండు గీతలు కొట్టి మరీ.

బావ ఎవరి మొహమూ చూడకుండా రాయి తీయబోయాడు. అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"బొట్టు పెట్టినంక తీయొద్దురా. నీకు అంతగా కావాల్నంటే మేస్త్రీకి చెప్పి ఇంకోటి పోయించుకో."