నోటు చింపితే గుడ్డ

దసరా సెలవులకి మా ఊరు, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి వచ్చిన మా మేనల్లుడు ఫాలౌట్ 4 అనే వీడియో గేమ్ ఆడుతూ ఆడుతూ పెదవి విరిచాడు.

"ఈ గేమ్‌లో లాజిక్ లేదు మావయ్యా. పాత నోట్ల కట్టని ముడిసరుకు కోసం చింపితే గుడ్డ వస్తోంది. కాగితంలోంచి గుడ్డేంటి?"

వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. గేమ్ కథలో 2077 అక్టోబర్ 23న అణుబాంబులు పడ్డాయంటే ఒప్పుకున్నాడు. 111వ నంబర్ బంకర్లో మంచుగడ్డలా పడున్నవాడు 2287లో లేచి, ఒళ్లు విరుచుకుని తుపాకీ పట్టాడంటే ఒప్పుకున్నాడు. ఆవుకి రెండు తలలుంటే రెండింటికీ దణ్ణం పెట్టేలా ఉన్నాడు. గుడ్డ దగ్గర మాత్రం వాడి శాస్త్రజ్ఞానం దెబ్బతింది.

ఒరే నాయనా, మన నోటు నూటికి నూరుపాళ్లూ పత్తి. డాలరు ముప్పావు పత్తి, పావు లినెన్. చొక్కా జేబులో మరిచిపోయిన వంద నోటు వాషింగ్ మెషీన్లో అరగంట గిరగిరా తిరిగినా గాంధీగారి నవ్వు చెదరకుండా బయటికొచ్చేది అందుకే. ఆ గేమ్ మొత్తంలో నిఖార్సయిన నిజం ఏదైనా ఉంటే, అది ఆ గుడ్డ ముక్కే.

నాకు నమ్మబుద్ధి కానిది వేరే ఉంది. అక్కడ పాత నోటుకి ధర ఉంది! ప్రభుత్వం లేదు, బ్యాంకు లేదు, జనం కూల్‌డ్రింక్ సీసా మూతల్ని డబ్బుగా వాడుకుంటున్నారు. అయినా నోట్ల కట్ట విలువ 8 మూతలని రాసుంటుంది. షావుకారు బేరమాడి తగ్గిస్తాడు, ఏ ఊరి షావుకారైనా అంతే. కానీ "చెల్లదు" అనడు. బరువు సున్నా, ఎన్ని కట్టలైనా మోసుకుపోవచ్చు. ఇంత దయగల ప్రళయాన్ని నేనెక్కడా చూడలేదు. మా వీధి కొట్లో పది రూపాయల నాణెం ఇస్తే బల్లిని చూసినట్టు చూసి వెనక్కి తోస్తారు. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. మా కొట్టతనికి రిజర్వు బ్యాంకు మీద అంత గురి లేదు.

గేమ్ విడుదలైంది 2015 నవంబర్ 10న. ఏడాది నిండడానికి ఇంకా రెండు రోజులుందనగా, రాత్రి 8 గంటలకి టీవీలోంచి మన నెత్తిన బాంబు పడింది. 500 లేదు, 1000 లేదు.

ఆ బంకర్ వీరుణ్ణి ఆ నవంబర్లో మా ఊరి బ్యాంకు లైన్లో నిలబెట్టి చూడండి. తెల్లవారుజామున నాలుగింటికే వచ్చాడు. అప్పటికే నూట ఇరవై చెప్పులు, రెండు ఇటుకలు, ఒక స్టీలు క్యారేజీ లైన్లో ఉన్నాయి. వాడూ ఇనుప కవచం విప్పి వరసలో పెట్టి, వేపచెట్టు కింద తన కుక్క పక్కన చతికిలబడ్డాడు. పదకొండింటికి కవచం తొడుక్కుని కౌంటరు దగ్గరికి చేరాడు. అడ్రసు? బంకర్ 111. పిన్‌కోడ్? లేదు. పుట్టిన తేదీ? ఇంకా పుట్టలేదు. ఆధార్ ఆంధ్రాదా, ఒడిశాదా? ఈ ప్రశ్నకి సరిహద్దు అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం చుట్టాలే నీళ్లు నములుతారు, వాడెంత! కుడిచేతి చూపుడువేలికి సిరా పుయ్యాలి, ఇనుప తొడుగు తియ్యమన్నారు. తీస్తే రేడియేషన్, తియ్యకపోతే డబ్బు లేదు. "బేగి తియ్ బాబూ, గుణుపురం పాసింజరు ఎలిపోతాది" అని వెనకనుంచి కేకలు.

పక్కన సీనియర్ సిటిజన్ల లైన్లో ఒక ఘూల్. అణుధూళి తిని రెండొందల ఏళ్లుగా చావకుండా తిరుగుతున్న మనిషి. నవంబరు కదా, ముందు లైఫ్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ముక్కు లేదు, చర్మం లేదు, బతికే ఉన్నాడని ఏ గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెడతాడు?

సాయంత్రానికి మనవాడి చేతికి గులాబీ రంగు రెండు వేల నోటు ఒకటి వచ్చింది. టీ కొట్టుకెళ్తే చిల్లర లేదు. ఆ నోటుని కూడా 2023 మేలో వెనక్కి పిలిచారని వాడికి చెప్పకండి.

మేనల్లుడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను.

2016 అక్టోబర్లో మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయింది. పాత నోట్లు బ్యాంకులో కట్టుకునే ఆ యాభై రోజులూ మంచం మీంచి ఎడమచెయ్యెత్తి అటక వైపు చూపిస్తూనే ఉంది. పిల్లి దూరిందనుకుని కర్ర పుచ్చుకుని రెండుసార్లు అదిలించాం. 2018లో ఆవిడ పెద్దకర్మ నాడు గంగాళం కోసం అటకెక్కితే డాల్డా డబ్బా దొరికింది. లోపల పాత చీర చెంగులో మూట కట్టిన 23 ఐదొందల నోట్లు. సంతల్లో చింతపండు, జీడిపిక్కలు అమ్మి, పెదనాన్న కంట పడకుండా దాచుకున్న 11,500.

2017లో చట్టం చేశారు. పాత నోట్లు పదికి మించి ఉంచుకుంటే నేరం. జరిమానా పది వేలు, లేదా నోట్ల విలువకి ఐదింతలు, ఏది ఎక్కువైతే అది. మా లెక్కన 57,500. పరిశోధన కోసమైతే 25 దాకా ఉంచుకోవచ్చట. కాబట్టి మా పెద్దమ్మ పాత డబ్బు మీద పరిశోధన చేసిందని రాసుకోండి. గైడు డాల్డా డబ్బా.

రద్దయిన 15.41 లక్షల కోట్లలో 99.3 శాతం తిరిగొచ్చేసిందని రిజర్వు బ్యాంకే 2018లో లెక్క చెప్పింది. దొంగ డబ్బున్నవాడికి తోవ దొరికింది. దొరకనిది ఎవరికయ్యా? చెయ్యెత్తి చూపించడం తప్ప ఇంకేమీ చెయ్యలేని ముసలమ్మకి. ఆవిడ చింతపండు డబ్బుని నల్లధనం పద్దులో వేసిన మీకు సిగ్గనిపించలేదా? తిరిగొచ్చిన నోట్లని ముక్కలు చేసి కణ్ణూరులో ప్లైవుడ్ ఫ్యాక్టరీకి పంపితే అక్కడ అట్టచెక్కలైనా చేశారు. ఆవిడ నోట్లు అట్టచెక్కకి కూడా నోచుకోలేదు. ఆ గేమ్‌లో అయితే చింపి, ఆ గుడ్డతో పరుపు చేసుకోవచ్చు. ఏడాదిన్నర పైగా మంచాన పడి ఉంది మనిషి.

ఇంతకీ ఆ నోట్లు. ఒక్కరి దగ్గర పదికి మించకూడదు కదా, పెద్దమ్మ ముగ్గురు పిల్లలకీ నేనే దగ్గరుండి పంచాను. పది, పది, మూడు. మూడే వచ్చాయని చిన్నవాడు ఇప్పటికీ మా గడప తొక్కట్లేదు.