‘ఎలోన్ ఇన్ లవ్’ గురించి తిరుగుతున్న సందేశానికి జవాబు

2010కి ముందు వచ్చిన కొరియన్ ప్రేమకథలు చూడదగినవి కావని, అందుకు ‘ఎలోన్ ఇన్ లవ్’ సీరియల్ చాలినంత రుజువని చెప్పే వాట్సాప్ సందేశం ఒకటి మిత్రుల నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది. ప్రతిసారీ విడిగా బదులివ్వడం సాధ్యం కాదు కనుక ఇక్కడే రాస్తున్నాను.

పాత సీరియళ్లన్నీ ప్రాణాంతక జబ్బులు, మతిమరుపు, కోటీశ్వరుల వారసులతో నిండి ఉంటాయన్నది మొదటి ఆరోపణ. ‘ఆటమ్ ఇన్ మై హార్ట్’, ‘వింటర్ సొనాటా’ల విషయంలో అందులో కొంత నిజముంది. 2006లో కొరియా టీవీ ఛానల్ ఎస్‌బీఎస్‌లో 16 భాగాలుగా వచ్చిన ఈ కథకు మాత్రం అది వర్తించదు. డాంగ్-జిన్ పుస్తకాల దుకాణంలో పనిచేస్తాడు, యున్-హో ఈత నేర్పుతుంది. విడాకులు తీసుకున్నాక కూడా డోనట్ల దుకాణంలో కలుసుకుంటూ, పోట్లాడుకుంటూ, ఒకరికొకరు సంబంధాలు వెతికే ఇద్దరు మామూలు మనుషుల కథ ఇది.

జపాన్ కథను దొంగిలించారన్నది రెండోది. జపాన్ రచయిత నొజావా హిసాషి నవలను ఆధారంగా తీసుకున్నామని చెప్పి తీసినదాన్ని దొంగతనం అనరు. బొమ్మ పాతగా ఉందన్నది మూడోది. 2006లో తీసినది 2006లాగే ఉంటుంది.

నాలుగో మాట మాత్రం ప్రమాదకరమైనది. ఆ దంపతులు కేవలం అహంతో విడిపోయారని, పెద్దలు మందలిస్తే సర్దుకునేదని, విడాకుల ఆలోచనలో ఉన్న మన ఆడపిల్లలకు ఇది గుణపాఠమని రాశారు. రాసినవారు ఎన్నో భాగం దాకా చూశారో చెప్పగలరా? యున్-హోకు బిడ్డ చనిపోయి పుట్టింది. ఆ రాత్రి భర్త తన పక్కన లేడన్న గాయమే ఆమెను కాపురం నుంచి బయటికి నడిపించింది. అతను ఆ రాత్రంతా చనిపోయిన బిడ్డ దగ్గరే ఉన్నాడని ఆమెకు చాలాకాలం తరువాత గాని తెలియదు. ఇద్దరూ ఒకే బిడ్డ కోసం ఏడ్చినా, ఒకరి ఏడుపు మరొకరికి కనబడకుండా ఏడ్చారు. కడుపుకోతను పొగరు అని పిలవడానికి ఎంత కఠినమైన మనసు కావాలి? ‘క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ’ సీరియల్‌తో మనవాళ్లకు దగ్గరైన నటి సన్ యే-జిన్ యున్-హో పాత్ర చేసేనాటికి 24 ఏళ్లది. ఆమె నవ్వుతూ దాచుకునే బాధను చూసిన తరువాత కూడా ఇందులో మందలింపు కోసం వెతికేవారు దయచేసి దీన్ని ఎవరికీ గుణపాఠంగా పంపవద్దు.

అయితే ఒక లోపాన్ని ఒప్పుకోక తప్పదు. డాంగ్-జిన్ మళ్లీ పెళ్లాడిన యూ-క్యోంగ్‌కు ఈ కథ న్యాయం చేయలేదు. పాత ప్రేమ తిరిగి చిగురించడానికి ఏ తప్పూ చేయని ఒక స్త్రీ మూల్యం చెల్లించింది, ఆమె దుఃఖానికి కథలో తగినంత చోటు దక్కలేదు. ఆ సందేశం ఈ మాట అడిగి ఉంటే నేను కూడా దాన్ని నలుగురికీ పంపేవాణ్ని. కానీ అందులో యూ-క్యోంగ్ పేరే లేదు.