ల్యాప్‌టాపు జీర్ణోద్ధరణ

పదేళ్ళ ల్యాప్‌టాపుకు ర్యామ్ పెంచితే ఎవరికి కనబడుతుంది? వేగం పెంచే ఎస్ఎస్‌డీ డిస్కు వేయించారని చుట్టాలు చూడటానికొస్తారా? రంగు కొడితే వస్తారు. కనుక ఆన్ కావడానికి ఏడు నిమిషాలు పట్టినా సరే, ముందు మూతకు రంగు వేయించడమే కర్నూలు పౌరుల తక్షణ కర్తవ్యం.

ముహూర్తం ముఖ్యం. ఏప్రిల్, మే నెలలు నిషిద్ధం. 40 డిగ్రీలు దాటిన ఎండలో స్ప్రే తుంపర దారిలోనే ఆరిపోయి పొడిగా రాలుతుంది. వానరోజున గాలిలో తేమకు రంగు తెల్లగా పాలిపోతుంది. మిద్దె మీద కొడితే ఊరి దుమ్మంతా ఉచితంగా అతుక్కుంటుంది. చలికాలంలో పొద్దు బాగా ఎక్కాక, కిటికీలు తెరిచిన గదిలో, దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని కొట్టాలి.

విప్పేటప్పుడు ముందు బ్యాటరీ తీయాలి. రబ్బరు కాళ్ళ కింద కూడా స్క్రూలు దాక్కుంటాయి. ఆ సంగతి తెలియక బలప్రయోగం చేసిన వీరులకు మూల విరిగి చేతికొస్తుంది. స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేయడం సమసమాజానికి మంచిదే గానీ, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు పక్కన బొడిపె లేస్తుంది. కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడిదాన్ని అక్కడ టేపుతో అంటించండి.

అసలు పని రుద్దుడు. అందుకే అందరూ దాన్ని వదిలేసి నేరుగా స్ప్రే డబ్బా ఊపుతారు. ఓర్వకల్లు దగ్గర కేతవరం గుట్టల్లో ఆదిమానవులు ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందు వేసే పూత) కొట్టే బొమ్మలేశారా అని అడిగే మేధావులూ ఉన్నారు. అయ్యా, వాళ్ళకు దొరికింది గరుకు రాయి, మనకు దొరికింది నున్నటి ఏబీఎస్ ప్లాస్టిక్. 400 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) నీళ్ళు పోస్తూ మెరుపు చచ్చేదాకా రుద్ది, తర్వాత 800 పట్టాలి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఇంట్లో ఉంది కదా అని నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చారో, అందులోని అసిటోన్ మూతనే కరిగిస్తుంది. తుడిచాక వేలితో ముట్టుకుంటే ఆ జిడ్డు మీద రంగు నిలవదు.

తర్వాత ప్లాస్టిక్ ప్రైమర్, దాని మీద రంగు. మూతకూ అరచేయి ఆనే భాగానికీ 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి చాలు. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, పలచటి కోట్లు మూడో నాలుగో, మధ్యలో పదిహేను నిమిషాల ఓపిక. మొదటి కోటుకు కింది ప్రైమర్ కనబడుతూనే ఉండాలి. అది ఓర్వలేక నిండుగా కొట్టినవారికి ధారలు కారతాయి. పైన క్లియర్ లాకర్, అంటే రంగును కాపాడే పారదర్శక పూత, రెండు కోట్లు. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. బిగించే ముందు వారం ఆగండి.

గాలి రంధ్రాలకు మాస్కింగ్ టేపు వేయండి. వెండిరంగు మోజున్నవారు జాగ్రత్త: వైఫై యాంటెన్నాలు చాలావాటిలో తెర చుట్టూనే ఉంటాయి, లోహపు పొడి దట్టంగా పడితే సిగ్నల్ తగ్గవచ్చు. అప్పుడు ఇంటర్నెట్ కంపెనీని తిట్టే హక్కు మీకుండదు.

అడుగున సీరియల్ నంబర్ స్టిక్కర్‌కూ టేపు తప్పనిసరి. ఎందుకంటే రేపు అమ్మబోతే సెకండ్ హ్యాండ్ షాపతను మీ కళాఖండాన్ని అటూ ఇటూ తిప్పి, "రంగెందుకు కొట్టినావన్నా, కింద పడిండెనా?" అని వెయ్యి తగ్గిస్తాడు. స్టిక్కర్ కూడా రుద్దుడులో పోయిందనుకోండి, గొంతు తగ్గించి, "బిల్లుందా?" అంటాడు.